ఉత్తరము ఎవరి పేర పోయినది?

2024వ సంవత్సరము జూన్ నెలలో, బడి తెఱచిన రెండవ వారమున, మన పాఠశాల కార్యాలయమునుండి 180 మంది తల్లిదండ్రులకు ఒకే దినమున ఉత్తరములు వెళ్లెను. కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి, తపాలా బిళ్ల అంటించినవి కావు. కంప్యూటరునుండి ఈ-మెయిలుగా పంపినవి. పదవ తరగతిలో ప్రవేశించిన ప్రతి బాలుని, ప్రతి బాలిక పేరును, ఇంటిపేరును, తల్లిదండ్రుల పేర్లను, పుట్టినతేదిని అందులో వ్రాసి, "తప్పులున్నయెడల పదునైదు దినములలో ఈ యుత్తరమునకే ప్రత్యుత్తరముగా తెలియజేయుడు. బదులు రానిచో అన్నియు సరిగా నున్నవని భావింతుము" అని చేర్చితిమి. పదవ తరగతి ధ్రువపత్రముపై అచ్చయిన పుట్టినతేది మనుష్యుని జీవితాంతము వెంబడించునని తల్లిదండ్రులలో ననేకులకు అనుభవముచేతనే తెలిసియుండును. పాస్‌పోర్టునకు పోయినను, ఉద్యోగమునకు పోయినను ఆ పత్రము నడుగుదురు. అందులో ఒక్క యక్షరము తప్పినను దానిని దిద్దించుకొనుటకు ఎన్ని కచేరీల మెట్లెక్కవలెనో చెప్పనలవి కాదు.

పదునైదు దినములు గడచెను. ఒక్క ప్రత్యుత్తరమైనను రాలేదు. మేము సంతోషించితిమి. ఈ సంవత్సరము మన రిజిస్టర్లు ఎంత శుద్ధముగా నున్నవోయని ప్రధానోపాధ్యాయులవారు నవ్వుచు ననిరి కూడ. పదునెనిమిదవ దినమున కువైటునుండి ఒక తండ్రి ఫోను చేసెను. "అయ్యా, మా అమ్మాయి పుట్టిన నెల తప్పు పడింది, ఏడుకు బదులు ఒకటి వేశారు అని రెండుసార్లు రాశాను. రాసి పది రోజులైంది. ఒక్క జవాబైనా ఇవ్వలేదేమండీ?" అని యడిగెను. ఆ మాటలో కోపముకన్న దిగులే యెక్కువగా నుండెను. కార్యాలయపు మెయిలుపెట్టెను మఱల మఱల వెదకితిమి. ఆయన వ్రాసినది లేదు. అంతకన్న వింత యేమనగా, మేము పంపిన 180 ఉత్తరముల నకళ్లును అందులో లేవు.

మా పేరు మీద వేలుపెట్టి నొక్కి, దాని క్రింద ఏ చిరునామా యున్నదో చదువుడని ఆ తండ్రిని వేడుకొంటిని. ఆయన ఒక్కొక్క యక్షరమే చదివెను. అది పాఠశాల చిరునామా కాదు. అంతకుముందు సంవత్సరము ఉద్యోగవిరమణ చేసి, హైదరాబాదులో కుమారుని యింట నున్న మా పెద్ద గుమాస్తాగారి సొంత చిరునామా. 180 ఉత్తరములును ఆయన పేరటనే పోయినవి. బదులులన్నియు ఆయన పెట్టెకే చేరి, తెఱచువారు లేక పడియున్నవి.

ఇందులో ఆ పెద్దమనిషి తప్పేమియు లేదు. ఆయన తరువాత వచ్చిన చిన్న గుమాస్తా, ఆ యమ్మాయి తప్పును లేదు. ఆ కంప్యూటరులో మెయిలు ఏర్పాటు చేసినది నేను. "అంతయు సరిచేసితిని" అని ప్రధానోపాధ్యాయులవారితో చెప్పినదియు నేనే. కావున ఆ దోష మెట్లు పుట్టినదో, దానినెట్లు దిద్దవలెనో ఈ సంచికలో విపులముగా వ్రాయుట నాకు తగిన పనియని తోచినది. ఇట్టి కంప్యూటర్లు ఇప్పుడు ప్రతి కార్యాలయమునను, తల్లిదండ్రులలో అనేకుల దుకాణములలోను ఉన్నవి గనుక ఇది మా గదికి మాత్రమే సంబంధించిన ముచ్చట కాదు.

మొదట ఒక్క మాటను గూర్చి చెప్పవలెను. కంప్యూటరు వాడువారు పదేపదే "డిఫాల్టు" అందురు. తొమ్మిదవ తరగతిలో ఈ మాట యెత్తగానే ఒక బాలుడు, "బ్యాంకు అప్పు కట్టనివాడు కదండీ?" అనెను; తరగతియంతయు నవ్వినది. ఆ పిల్లవాడు చెప్పినది తప్పు కాదు. లోపము, లేమి అను అర్థముగల పాత ఫ్రెంచి మాటనుండి అది ఇంగ్లీషులోనికి వచ్చినది. చేయవలసినది చేయకుండుట యనునదే దాని మూలభావము. కంప్యూటరు విషయమున, మనము ఏమియు చెప్పనప్పుడు యంత్రము తనంతట తాను దేనిని ఎంచుకొనునో దానిని డిఫాల్టు అందురు. మన మౌనమునే అది యంగీకారముగా గైకొనును. మేము తల్లిదండ్రులకు వ్రాసిన "బదులు రానిచో సరియే" అను వాక్యమును అట్టిదే. ఒక మౌనముపై మఱియొక మౌనము చేరి మమ్ము మోసగించినది.

చాలమంది యెఱుగని సంగతి యొకటి యున్నది. మెయిలు విషయములో డిఫాల్టు ఒక్కటి కాదు. ఒకదానిలోపల ఒకటిగా నాలుగున్నవి. మెయిలు పంపుటకు ఏ ప్రోగ్రాము తెఱచుకొనవలెను? ఆ ప్రోగ్రాములో ఏ ప్రొఫైలు? ఆ ప్రొఫైలులో ఏ అకౌంటు? వచ్చినవియు పోయినవియు ఏ ఫైలులో దాచవలెను? ఒకచోటి తప్పును వేఱొకచోట దిద్దబోవుటచేతనే గంటలకు గంటలు వ్యర్థమగుచున్నవి. నాకు జరిగినది సరిగా ఇదియే.

మన కార్యాలయపు గదిని మనస్సునందు పెట్టుకొన్నచో ఇది సులభముగా బోధపడును. గదిలో మూడు బీరువాలున్నవనుకొందము. ఒక్కొక్క బీరువాలో కొన్ని రబ్బరు ముద్రలు, ఇంకుప్యాడు, దస్త్రముల కట్టలు ఉన్నవి. ప్రొఫైలు అనగా బీరువా. అందలి రబ్బరు ముద్రలు అకౌంట్లు, అనగా ఏ చిరునామా పేర ఉత్తరము పోవలెనో అవి. దస్త్రముల కట్టలు డేటా ఫైళ్లు. ఉదయమున బంట్రోతు వచ్చి ఎవరినీ అడుగకయే ఒక బీరువా తలుపు తీయును. అది డిఫాల్టు ప్రొఫైలు. గుమాస్తా చూడకయే చేయి చాపి ఒక ముద్రను తీసికొనును. అది డిఫాల్టు అకౌంటు. కొత్త బీరువా తెచ్చి అందులో కొత్త ముద్ర పెట్టినంతమాత్రమున పని కాలేదు. బంట్రోతు ఇంకను పాత బీరువానే తీయుచున్నచో కొత్తముద్ర ముద్రింపబడదు.

ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు మెయిలు పంపుట 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అను ఇంజనీరుచే మొదలైనది. మనుష్యుని పేరునకును యంత్రపు పేరునకును నడుమ @ అను గుర్తును పెట్టినవాడు ఆయనయే. ఒక కంప్యూటరును పలువురు పంచుకొనుట, ఒకే మనుష్యునకు పలు చిరునామాలుండుట సాధారణమైన తరువాత, వాని నన్నిటిని కలగాపులగము కానీయక వేర్వేఱు మూటలుగా కట్టియుంచు ఉపాయమే ప్రొఫైలు. మైక్రోసాఫ్టువారి విండోస్ 95లోని మెయిలు ప్రోగ్రాములోనే ఈ యేర్పాటుండెను. తరువాత వచ్చిన ఔట్‌లుక్ దానిని నిలుపుకొన్నది.

ఈ ప్రొఫైళ్లు విండోస్‌యొక్క రిజిస్ట్రీ అను పెద్ద ఆవర్జాలో, ఆ సమయమున ఎవరి పేరుతో కంప్యూటరులోనికి ప్రవేశించితిమో వారి పద్దు క్రింద వ్రాయబడును. ఒకే యంత్రమైనను ఇద్దరు తమతమ పేర్లతో ప్రవేశించినయెడల ఒకరి ప్రొఫైళ్లు మఱియొకరికి కానరావు. ఇది మంచి కట్టుబాటు. కాని మన కార్యాలయములో, అనేక కార్యాలయములలో వలెనే, అందఱును "ఆఫీసు" అను ఒక్క పేరుతోనే ప్రవేశించుచుంటిమి. మూడు బీరువాలును ఒకే గదిలో నుండుటకు కారణ మిదియే.

ఇక జరిగిన కథ. పాఠశాలకు సొంత ఈ-మెయిలు చిరునామా లేని కాలమున పెద్ద గుమాస్తాగారు తన చిరునామానే బడికి అరువిచ్చిరి. తల్లిదండ్రులు గుర్తుపట్టుటకై పంపువాని పేరుండు గడిలో తన పేరునకు బదులు పాఠశాల పేరు వ్రాసిరి. 2017లో ఇప్పటి కంప్యూటరు వచ్చినప్పుడు ఔట్‌లుక్‌లో మొదట తన అకౌంటును, పిదప బడి కొఱకు తీసికొన్న కొత్త అకౌంటును చేర్చిరి. ఒక ప్రొఫైలులో మొదట చేర్చిన అకౌంటే డిఫాల్టగును. ఆయన ఉత్తరము పంపునప్పుడెల్ల "ఫ్రమ్" అను గడిలో చూచి, బడి చిరునామా నెంచి పంపుచుండిరి. ఏడేండ్లలో ఒక్కసారియు తప్పలేదు. ఆయన జాగ్రత్తయే ఆ లోపమును కప్పి యుంచెనని చెప్పవచ్చును.

ఆయన వెళ్లిన తరువాత నేను కొత్త ప్రొఫైలు నొకదానిని కల్పించి, అందులో బడి అకౌంటును మాత్రమే చేర్చితిని. ఔట్‌లుక్ తెఱచునప్పుడెల్ల ఏ ప్రొఫైలు కావలెనో అడుగునట్లు పెట్టి, కొత్తదానినెంచి, నాకు నేనే ఒక యుత్తరము పంపుకొని చూచితిని. సరిగా వచ్చినది. ప్రతిసారియు ఆ ప్రశ్న యడుగుట చిన్న గుమాస్తాకు విసుగగునని తలంచి, "ఎల్లప్పుడును ఈ ప్రొఫైలునే వాడుము" అను రెండవ చుక్కను నొక్కి, ఓకే అని మూసివేసితిని. ఆ చుక్క క్రింద ఒక చిన్న గడిలో ఏ ప్రొఫైలో పేరుండును. ఆ గడిలో పాతప్రొఫైలు పేరే యుండెను. నేను చూడలేదు.

చిన్న గుమాస్తా ప్రతిదినము బడి మెయిలును బ్రౌజరులోనే చూచుకొనునది గాన ఔట్‌లుక్‌ను తెఱచుటయే లేదు. జూన్‌లో వర్డు ప్రోగ్రాములోని మెయిల్ మెర్జ్ అను సాధనముతో, పట్టికలోని పేర్లను ఒక్కొక్క యుత్తరములో చేర్చి పంపితిమి. వర్డు ఆ పనికై వెనుకనుండి ఔట్‌లుక్‌ను పిలుచును. డిఫాల్టు ప్రొఫైలులోని డిఫాల్టు అకౌంటు పేర పంపును. ఎవరినీ ఏమియు అడుగదు. తల్లిదండ్రుల ఫోనులలో పాఠశాల పేరు మాత్రమే కానవచ్చినది గనుక వారికిని అనుమానము కలుగలేదు. నేను పరీక్షించి చూచితినన్నది నిజమే, కాని చివరి మార్పు చేయక మునుపు చూచితిని. చివరి మార్పు తరువాత చూచి యుండినచో ఈ వ్యాసమే యుండదు.

దిద్దు విధము చెప్పెదను. మొదట ఔట్‌లుక్‌ను మూయవలెను. పిదప విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ తెఱచి, అందులో "మెయిల్" అను గుర్తును వెదకుడు. వర్గములుగా చూపు పద్ధతిలో అది వెంటనే కంటబడదు. "వ్యూ బై" అనుచోట చిన్న గుర్తులు లేక పెద్ద గుర్తులు అని మార్చినచో పైకి వచ్చును. దాని ప్రక్కన కొన్ని యంత్రములలో "ఔట్‌లుక్" అనియు, కొన్నిటిలో "32-బిట్" అనియు ఉండును, కంగారు పడనక్కఱలేదు. దానిని తెఱచి "షో ప్రొఫైల్స్" నొక్కినచో ఆ పేరుతో ప్రవేశించినవారికి గల ప్రొఫైళ్లన్నియు వరుసగా కనబడును. క్రింద రెండు చుక్కలుండును. మొదటిది "ప్రాంప్ట్ ఫర్ ఎ ప్రొఫైల్", అనగా ప్రతిసారియు అడుగుమనుట. రెండవది "ఆల్వేస్ యూజ్ దిస్ ప్రొఫైల్". రెండవదాని నెంచుకొన్నయెడల దాని క్రిందనున్న గడిని తెఱచి, కావలసిన ప్రొఫైలు పేరును చేతితో ఎంచి, అప్పుడు ఓకే నొక్కవలెను. నా యభిప్రాయములో, పలువురు ఒకే పేరుతో వాడు యంత్రములో మొదటి చుక్కయే మేలు. రోజునకొకసారి ఒక ప్రశ్నకు బదులు చెప్పుట శ్రమ కాదు.

ఏ ప్రొఫైలు నడుచుచున్నదో తెలియనప్పుడు ఒక చిన్న యుపాయము కలదు. విండోస్ గుర్తుగల మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి, వచ్చిన గడిలో ఔట్‌లుక్ ప్రోగ్రాము పేరును, ఒక ఖాళీ విడిచి ఏటవాలు గీతను, దానినంటి "ప్రొఫైల్స్" అను మాటను ఇంగ్లీషున వ్రాసి ఎంటరు నొక్కినచో, చుక్క ఎక్కడనున్నను ఆ ఒక్కసారికి ప్రొఫైలును అడుగును.

తరువాతిది అకౌంటు. ఔట్‌లుక్‌లో "ఫైల్" నొక్కి, "అకౌంట్ సెట్టింగ్స్" లోనికి పోయినచో అకౌంట్ల పట్టిక వచ్చును. డిఫాల్టు దాని ప్రక్కన చిన్న గురుతుండును. వేఱొకదానిని డిఫాల్టు చేయవలెనన్న దానిపై నొక్కి, "సెట్ యాజ్ డిఫాల్ట్" అనవలెను. ఇంతటితో తృప్తిపడరాదు. రెండు మూడు అకౌంట్లున్న ప్రొఫైలులో, మనము ఏ అకౌంటు పెట్టెను చూచుచు "కొత్త ఉత్తరము" నొక్కుదుమో ఆ అకౌంటు పేరనే ఉత్తరము తయారగును. డిఫాల్టు ఏదైనను సరే. ఎల్లప్పుడును డిఫాల్టే రావలెనన్నచో "ఆప్షన్స్"లో మెయిలునకు సంబంధించిన పుటలో, కొత్త ఉత్తరములకు ఎల్లప్పుడును డిఫాల్టు అకౌంటునే వాడుమను గడిలో గురుతు పెట్టవలెను. ప్రత్యుత్తరముల సంగతి మఱియొక తీరు. ఏ చిరునామాకు ఉత్తరము వచ్చెనో ఆ చిరునామానుండియే బదులు పోవును. అందుచేత డిఫాల్టును దిద్దినను, పాత చిరునామాకు వచ్చినవానికి ఇచ్చు బదులులు పాత పేరనే పోవుచుండును. దీనినిచూచి "దిద్దినది నిలువలేదు" అని పలువురు మఱల మఱల అదే మీట నొక్కుచుందురు. అది నిలువకపోలేదు, ఆ నియమము వేఱు.

ఇంకొక మూల కూడ చూడదగినది. కొన్ని అకౌంట్ల యేర్పాటులో "రిప్లై" చిరునామా యను గడి యుండును. పంపువాని చిరునామా సరిగానే యున్నను, ఆ గడిలో వేఱొక చిరునామా వ్రాసియున్నచో బదులులన్నియు అక్కడికే పోవును. మన యంత్రములో అది ఖాళీగనే యుండెను. కాని చూడక వదలితినన్న మాట రాకుండ ఈసారి దానిని కూడ తెఱచి చూచితిని.

డేటా ఫైళ్లను గూర్చి చెప్పునప్పుడు ఒక హెచ్చరిక తప్పదు. దోషము కనబడగానే చాలమంది పాతప్రొఫైలును తొలగించివేయుదురు. చిన్న గుమాస్తాయు, "సార్, పాతది తీసేద్దామా?" అని మీటపై వేలుంచినది. "ఆగమ్మా" అంటిని. ఆ ఒక్క పనిలో మాత్రము నేను తొందరపడలేదు. మెయిలును తెచ్చుకొను పద్ధతులు ముఖ్యముగా రెండు. పాప్ అనునది తపాలా కచేరీనుండి ఉత్తరములను ఇంటికి తెచ్చుకొనుట వంటిది; నకలును అక్కడ నుంచుమని చెప్పియుండనిచో సర్వరులో ఏమియు మిగులదు. ఐమ్యాప్ అనునది ఉత్తరములను అక్కడనే యుంచి, ఇక్కడ చూచుకొనుట. పాప్ ఉత్తరములు పి.ఎస్.టి. అను ఫైలులో ఉండును. ఐమ్యాప్, ఎక్స్‌ఛేంజ్ ఉత్తరముల నకళ్లు ఓ.ఎస్.టి. అను ఫైలులో ఉండును. రెండవది పోయినను సర్వరునుండి మఱల కట్టుకొనవచ్చును. మొదటిది పోయినచో పోయినట్లే. మన పాత ఉత్తరములలో ఏడేండ్ల బదిలీ పత్రముల సంగతులు, విద్యాశాఖవారితో జరిగిన ఉత్తరప్రత్యుత్తరములు పి.ఎస్.టి.లోనే యుండెను. ప్రొఫైలును తొలగించినను ఆ ఫైలు సాధారణముగా డిస్కులోనే నిలుచును; కాని అది యెక్కడనున్నదో తెలియనివానికి అది పోయినదానితో సమానమే. కావున ముందుగా "డేటా ఫైల్స్" పుటలో ఫైలు పేరును, అదియున్న తావును కాగితముపై వ్రాసికొని, ఔట్‌లుక్ మూసి, దానిని వేఱొక డిస్కులోనికి నకలు చేసి, తరువాతనే తక్కిన పని. పాత బీరువాను తలుపు మూసి యుంచితిమి, పారవేయలేదు.

నాలుగవది అన్నిటికన్న పైనున్నది, అన్నిటికన్న సులభమైనది. వెబ్ పుటలోని చిరునామాను నొక్కగా ఏ ప్రోగ్రాము తెఱచుకొనవలెననునది విండోస్ సెట్టింగ్సులో "డిఫాల్ట్ యాప్స్" అనుచోట నుండును. దానికిని ప్రొఫైలునకును సంబంధము లేదు. అనేకులు ఉత్తరము వేఱొక పేర పోవుచున్నదని వచ్చి దీనిని మార్చుదురు. అది బీరువా తాళము చెడినచో వీధితలుపు గొళ్లెము మార్చినట్లు.

ఇచ్చట ఒక సంగతి. విండోస్ 10నకును, మేము వాడుచుండిన ఔట్‌లుక్ 2016నకును 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టువారి సంరక్షణ ముగిసినది. కొత్త యంత్రమునకు మారువారు రెండు విషయములు గమనింతురుగాక. పాత యంత్రములోని ప్రొఫైలు తనంతట కొత్త యంత్రమునకు రాదు. అక్కడ ఎవరి అకౌంటు మొదట చేర్చబడునో అదే మఱల డిఫాల్టగును. మఱియు "కొత్త ఔట్‌లుక్" అను పేర ఇప్పుడు వచ్చుచున్న ప్రోగ్రాములో ప్రొఫైలు ఏర్పాటే లేదు. కంట్రోల్ ప్యానెలులో ఎన్ని చుక్కలు మార్చినను దానికి తెలియదు. థండర్‌బర్డ్ వాడువారికి ప్రొఫైళ్లున్నవి. ఆరంభమున అడుగకయే తెఱచుకొనుమను గడియు దానిలో నున్నది, అదే ప్రమాదముతో. తల్లిదండ్రుల ఫోనులలో సైతము, తండ్రి అకౌంటును బిడ్డ అకౌంటును ఒకేచోట నున్నప్పుడు పంపుటకు ముందు "ఫ్రమ్" గడిని చూచుకొనుట మంచిది. ఐఫోనులో మెయిలు సెట్టింగ్సుల క్రింద డిఫాల్టు అకౌంటు అని విడిగా నుండును.

ఆ దినము సాయంకాలము పెద్ద గుమాస్తాగారికి ఫోను చేసితిని. ఆయన కండ్లకు శస్త్రచికిత్స జరిగి నెల దినములుగా మెయిలు చూడలేదట. మనుమని కూర్చుండబెట్టి తెఱపించిరి. ముప్పదియొక్క ప్రత్యుత్తరములు. "మాస్టారూ, ఇవన్నీ నా పెట్టెలో ఉన్నాయని నాకే తెలియదండీ, క్షమించండి" అని ఆయన మాటిమాటికి అనుచుండగా నాకు సిగ్గు కలిగినది. "క్షమాపణ చెప్పవలసినది నేనండీ" అంటిని. రాత్రి తొమ్మిది గంటలలోపల ఆ ముప్పదియొక్కటియు బడి చిరునామాకు వచ్చినవి. వానిలో పుట్టినతేది తప్పులు నాలుగు, ఇంటిపేరులో అక్షరదోషములు తొమ్మిది, తల్లిపేరు బదులు పినతల్లిపేరు పడినది ఒకటి. మిగిలినవారు అన్నియు సరిగా నున్నవని మర్యాదకై వ్రాసినవారు. పేర్ల పట్టిక పైకి పంపుటకు ఇంకను గడువుండుటచేత అన్నియు దిద్దబడినవి. కువైటులోని తండ్రికి దిద్దిన పుటను ఫొటో తీసి పంపితిమి.

రెండవ వారమున 180 మందికిని మఱల వ్రాసితిమి. ఈసారి మొదట నాకు, చిన్న గుమాస్తాకు, ప్రధానోపాధ్యాయులవారికి మాత్రమే పంపి, ముగ్గురమును మూడు ఫోనులలో పేరు క్రిందనున్న చిరునామాను చదివిన తరువాతనే తక్కినవి వదలితిమి. అయినను పాత చిరునామాకు ఉత్తరములు పోవుట ఒక్కసారిగా ఆగలేదు. ఒకసారి బదులు వ్రాసిన చిరునామాను ఫోను జ్ఞాపకముంచుకొని, బడి పేరులో రెండక్షరములు కొట్టగానే దానినే చూపును. 2025 మార్చి వఱకు పెద్ద గుమాస్తాగారు వారమునకొకసారి తన పెట్టె చూచి, బడికి సంబంధించినవానిని మాకు పంపుచుండిరి. ఎవరు నడుగలేదు.

మఱియొక సంగతి నన్ను చాలకాలము బాధించినది. ఔట్‌లుక్ ప్రొఫైలునకు ప్రత్యేకముగా తాళము లేదు. ఆ పాతప్రొఫైలును తెఱచినవారెవరైనను ఆయన సొంత ఉత్తరములను, బ్యాంకు కాగితములను, కుటుంబపు సంగతులను చదువగలిగి యుండిరి. ఏడాదికి పైగా అట్లే యున్నది. ఎవరును చదువలేదని నమ్ముచున్నాను. అయినను అందఱును ఒకే పేరుతో కంప్యూటరులోనికి ప్రవేశించు అలవాటును మాన్పించి, కార్యాలయములో పనిచేయు ముగ్గురికి మూడు వేర్వేఱు పేర్లు, మూడు రహస్యపదములు ఏర్పఱచితిమి. ఇప్పుడు ఒకరి బీరువా మఱియొకరికి కానరాదు.

2025 ఏప్రిలు నెలలో పెద్ద గుమాస్తాగారు ఊరికి వచ్చినప్పుడు బడికి వచ్చిరి. ఆయన అకౌంటును మేమే తొలగించవచ్చును. కాని ఆయన యెదుట, ఆయన చేతనే చేయించవలెనని ప్రధానోపాధ్యాయులవారు చెప్పిరి. పి.ఎస్.టి. నకలును తీసి, అందులోని ఆయన సొంత ఉత్తరములను వేఱుపఱచి, ఒక చిన్న పెన్‌డ్రైవులో ఆయనకిచ్చితిమి. పిదప ఆయన తన పాత కుర్చీలోనే కూర్చుండి, కండ్లద్దములు సవరించుకొని, తన చిరునామాపై నొక్కి, "రిమూవ్" అనుచోటికి మౌసు తెచ్చి, "ఇదేనా అమ్మా?" అని చిన్న గుమాస్తా నడిగిరి. "అదేనండీ" అని ఆ యమ్మాయి చెప్పినది. ఆయన నొక్కిరి. పిదప చిన్న గుమాస్తా ఔట్‌లుక్‌ను మూసి, మఱల తెఱచి, ఆయన ఫోనుకే ఒక్క పంక్తి ఉత్తరము పంపినది. ఆయన పేరుమీద వేలుపెట్టి నొక్కి, దాని క్రిందనున్న చిరునామాను బిగ్గరగా చదివిరి. అది బడి చిరునామాయే.